పక్క గది వేడి

ఆ ల్యాబులో ప్రాణంలా చూసుకునే గదులు రెండున్నాయి. రెండూ కలిపినా గోరంత ఉండవు. గాజుపలక మీద పక్కపక్కనే తవ్విన రెండు చిన్న గుంటలవి. మధ్యలో గోడకు బదులు పలచటి పొర. ఒక గుంటలో పోషకం కలిపిన నీళ్లు, ఆ నీళ్లలో లక్షల కొద్దీ ఈదే సూక్ష్మజీవులు. రెండో గుంటలో ఉత్త నీళ్లు. రెండింటిలోనూ కంటికి ఆనని ప్లాస్టిక్ పూసలు. ఈ రెండు గుంటల సంసారం మీద ఒక ఆడమనిషి బతుకు ఆధారపడి ఉందంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వినా నవ్వకపోయినా సంగతి అదే.

ఆవిడకు నలభై ఏడేళ్లు. పెద్ద చదువే చదివింది గానీ ఉద్యోగం మాత్రం రెండేళ్లకోసారి పొడిగించే రకం. అయిదో పొడిగింపు ఆ నెలాఖరుకు అయిపోతుంది. గేటు దగ్గరి వాచ్‌మన్ ఆవిడకు డిగ్రీలమ్మ అని పేరు పెట్టాడు. చదివిన డిగ్రీలు చూసి కాదు. రోజూ పొద్దున్నే తాళంచెవి అందుకుంటూ "రాత్రి కింద ఎన్ని డిగ్రీలుందో చూశారా?" అని అడుగుతుంది కాబట్టి. ఆవిడ ల్యాబు నేలమాళిగలో ఉంది. పైన నడిచే వాళ్ల అడుగుల చప్పుడు కూడా అక్కడికి రాదు.

డిగ్రీలమ్మ పట్టుకుని వేలాడుతున్న విషయం ఇది. నీళ్లలో వేసిన పూస ఊరికే ఉండదు. నీటి అణువులు నాలుగు పక్కలా తోస్తుంటే వణుకుతూ ఉంటుంది. నీళ్లు ఎంత వేడిగా ఉంటే వణుకు అంత ఎక్కువ. కాబట్టి థర్మామీటరు పెట్టకుండానే, పూస వణుకు కొలిచి నీటి వేడి చెప్పెయ్యవచ్చు. ఉత్త నీళ్లలో ఈ లెక్క చక్కగా కుదురుతుంది. థర్మామీటరు ముప్పై అంటే పూస కూడా ముప్పై అంటుంది. సూక్ష్మజీవులున్న నీళ్లలో మాత్రం అది తలకిందులవుతుంది. అవి తిండి తిని హుషారుగా ఈదుతూ, దారికి అడ్డమొచ్చిన పూసను సంతలో జనంలా తోసుకుంటూ పోతాయి. ఆ కుదుపులను వేడి కింద లెక్కగడితే వెయ్యి డిగ్రీలు దాటుతుంది. థర్మామీటరు మాత్రం ముప్పై దగ్గరే తాపీగా కూర్చుని ఉంటుంది. ఆ నీళ్లలో వేలు పెట్టినా కాలదు.

ఈ వెయ్యి డిగ్రీలు నిజం వేడి కాదు, లెక్క కోసం పెట్టుకున్న మాట మాత్రమే అన్నారు చాలామంది పెద్దలు. డిగ్రీలమ్మ ఒప్పుకోలేదు. వేడి అన్నాక పక్కనున్న వాళ్లకు కొంచెమైనా అందకుండా ఉంటుందా అన్నది ఆవిడ పట్టు. మధ్య గోడను తగినంత పలచగా చేస్తే సందడి గదిలోని కుదుపు ఉత్త నీళ్ల గదికి దాటాలి, అక్కడి పూస ముప్పై కంటే ఎక్కువ చూపించాలి. దాని కోసం మూడేళ్లు తంటాలు పడి పొర తయారు చేసింది. తర్వాత ఒకరోజు పక్క గది పూస ముప్పై నాలుగు చూపించింది. ఆ నాలుగు డిగ్రీలే ఆవిడ జీవితంలో సాధించుకున్నది. మిగతావన్నీ చేజారిపోయినవే.

ఒకప్పుడు అక్కడ ఆరుగురు పనిచేసేవాళ్లు. ప్రొఫెసరుగారు రిటైరయ్యారు. ఇద్దరు మంచి ఉద్యోగాలు చూసుకున్నారు. ఒకామె పెళ్లయి ఊరు మారింది. చివరగా వెళ్లినాయన టీ కప్పు సహా సర్దుకుని పోయాడు. ఇంటికెళితే అక్కడా అంతే. కుదిరిన పెళ్లి తప్పిపోయాక మళ్లీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు. నాలుగేళ్ల కింద అమ్మ పోయింది. సాయంత్రం తాళం తీసేసరికి పొద్దున స్టవ్ మీద వదిలిన గిన్నె అక్కడే ఉంటుంది. ఆవిడ దానికి అలవాటు పడిపోయిందని చెప్పుకోవచ్చు గానీ అది అబద్ధం. ఒక్కరోజు కూడా అలవాటు పడలేదు.

మనిషన్నాక మాట్లాడకుండా ఎన్నాళ్లుంటుంది? మొదట్లో మైక్రోస్కోపులో చూస్తూ అంకెలు పైకి చదువుకునేది. తర్వాత అంకెల పక్కన ఒక మాట చేరింది, మాట పక్కన ఇంకో మాట. రానురాను ఆ సూక్ష్మజీవులకు జనం అని పేరు పెట్టేసింది. ఉదయం దీపం వెయ్యగానే "ఏమర్రా, తిన్నారా?" అని పలకరింపు. ఇక అక్కడి నుంచి ఊరి సంగతులన్నీ జనం చెవిలో పడవలసిందే. "బస్సులో ఒకావిడ నా పక్కన కూర్చోబోయి ఏమనుకుందో వెనక సీటుకి పోయిందర్రా. నేనేం చేశానంటారు?" అనేది. "కుళాయి మళ్లీ కారుతోంది, ఇంటి ఓనరుకి చెప్తే నీళ్లు నములుతున్నాడు" అనేది. కన్ను మైక్రోస్కోపుకు ఆనించి గంటల తరబడి ఇదే వరస. ఆవిడ నోటికీ ఆ గాజుపలకకూ మధ్య జానెడు దూరం.

ఇలా ఉండగా మరో ల్యాబు వాళ్లు అచ్చం ఇలాంటి పరికరమే కట్టుకుని చూశారు. వాళ్ల పక్క గది పూస ముప్పై దగ్గర నుంచి వెంట్రుకవాసి కదలలేదు. వాళ్లు ఆ మాట రాసి పంపించారు. దాంతో ఆవిడ పొడిగింపు తేల్చే కమిటీకి అనుమానం వచ్చింది. మూడు రోజులు ఆవిడ పక్కనే కూర్చుని కళ్లారా చూసి రమ్మని ఒకాయనను పంపింది. ఆయన చూశానని రాస్తే డిగ్రీలమ్మ ఉద్యోగం ఖాయం. చూడలేదని రాస్తే నెలాఖరుకు ల్యాబుకు తాళం, ఆవిడకు సెలవు.

కమిటీ ఆయన ఆవిడ కంటే పదేళ్లు చిన్న. అప్పుడే జుట్టు పలచబడింది. మాట్లాడితే నోటి ముత్యాలు రాలతాయేమో అన్నట్టుండే మనిషి. "నమస్కారం మేడమ్, మీ పని మీరు చేసుకోండి, నేను చూస్తుంటాను" అని మైక్రోస్కోపుకు రెండో వైపున్న కంటిగొట్టం దగ్గర కూర్చున్నాడు. అంతవరకు డిగ్రీలమ్మ వీపు వెనక ఉండే కంప్యూటరు తెరను, ఇద్దరికీ కనపడాలని బల్ల మీదకు తిప్పించాడు. ఆవిడకు తెర చూస్తూ పనిచేసే అలవాటు లేదు. సాయంత్రం అన్నీ ముగిశాక ఆ రోజు గ్రాఫు తీసి చూసుకోవడమే ఎప్పుడూ.

మొదటి రోజంతా తెర మీద పక్క గది వేడి చూపించే గీత ముప్పై మీదే పాకింది. డిగ్రీలమ్మ పొర మార్చింది, నీళ్లు మార్చింది, జనానికి కొత్తగా తిండి పోసింది. ఉలుకూ పలుకూ లేదు. ఆవిడ కూడా పెదవి విప్పలేదు. పరాయి మనిషి పక్కనుండగా సూక్ష్మజీవులను పట్టుకుని ఏమర్రా అంటే పిచ్చిదనుకోడూ? ఆయన సరేసరి, మామూలుగానే మాట్లాడడు. ఇద్దరూ సాయంత్రం దాకా మౌనవ్రతం పట్టినట్టు కూర్చుని లేచారు.

రెండో రోజు మధ్యాహ్నం ఆయన భోజనానికి పైకి వెళ్లాడు. డిగ్రీలమ్మకు ఆకలి లేదు. తలుపు పడగానే జనం మీద విరుచుకుపడింది. "నా పరువు తీద్దామనే కంకణం కట్టుకున్నారా మీరు? ఇన్నాళ్లూ ఆడిన వాళ్లు ఇవాళ చూడ్డానికి మనిషొస్తే ముడుచుకుని కూర్చుంటారా? మీకేం లోటు చేశాను?" అని కంటిగొట్టం వదలకుండా అరగంట చీవాట్లు పెట్టింది. తల ఎత్తి చూస్తే గీత ముప్పై అయిదు మీద ఉంది. చెప్పులైనా వేసుకోకుండా మెట్లెక్కి పరిగెత్తి, తింటున్న మనిషిని లేపుకొచ్చింది. ఆయన చెయ్యి తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు. ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూస్తుండగా గీత బుద్ధిగా దిగి ముప్పై చేరింది.

"నేనంటే సిగ్గేమో వాటికి," అన్నాడాయన.

హాస్యానికే అన్నాడో మనసులో ఇంకేమైనా పెట్టుకుని అన్నాడో మొహం చూస్తే తెలియలేదు. తనే ఏదో మాయ చేసి అంకె పెంచిందని అనుకుంటున్నాడేమో అనిపించి డిగ్రీలమ్మకు తల కొట్టేసినట్టయింది.

మూడో రోజు వస్తూనే ఆయన దాపరికం లేకుండా చెప్పేశాడు. "సాయంత్రం రైలుకి వెళ్లిపోవాలి మేడమ్. ఇలాగే ఉంటే కనపడలేదనే రాయాల్సొస్తుంది. ఏమీ అనుకోకండి." గొంతులో నిజంగానే బాధ ఉంది. ఇంటికి ఫోన్ చేసుకొస్తానని బయటికి వెళ్లాడు.

డిగ్రీలమ్మ కన్ను గొట్టానికి ఆనించలేదు. చూసి చేసేదేముంది? కుర్చీలో వాలి తెర వైపు చూస్తూ, "పోన్లెండర్రా, మీరు మాత్రం ఏం చేస్తారు," అంది.

గీత కొంచెం లేచింది.

ఆవిడ గమ్మున ఊరుకుంది. గీత దిగింది. ముందుకు వంగి, గాజుపలక దగ్గరగా, "ఒకటి, రెండు, మూడు," అని ఇరవై దాకా లెక్కపెట్టింది. లేచింది. ఊరుకుంటే దిగింది. జనమున్న గాజుపలకను తీసేసి, రెండు గదుల్లోనూ ఉత్త నీళ్లే ఉన్న పలకను పెట్టింది. చీమ పాటి ప్రాణి కూడా లేదు అందులో. దాని మీదకు వంగి బస్సు సంగతి, కుళాయి సంగతి, నోటికొచ్చినవన్నీ చెప్పింది. ముప్పై మూడు, ముప్పై నాలుగు, ముప్పై అయిదు.

పక్క గదికి దాటిన వేడి జనానిది కాదు. ఆ పొర చెవిలో పొర లాంటిదై కూర్చుంది. ఆవిడ మాటలకు అదిరి, ఆ అదురుతో పూసను కుదిపింది. జనమున్న గదిలో ఎలాగూ వెయ్యి డిగ్రీల తోపులాట కాబట్టి అక్కడ ఈ మాటలు లెక్కలోకి రాలేదు. ప్రశాంతంగా ఉన్న పక్క గదికే తెలిశాయి. యంత్రాల రొద ఒకే తీరున ఉంటుంది కాబట్టి కంప్యూటరు దాన్ని ఏరి పారేసేది. మనిషి మాట ఒక తీరున ఉండదు, అందుకని దాన్ని పట్టుకోలేకపోయింది. మరి ఇన్నేళ్లలో ఉత్త నీళ్లతో సరిచూసుకోలేదా అంటే, వందసార్లు సరిచూసుకుంది. ప్రతిసారీ ముప్పయ్యే వచ్చింది. ఉత్త నీళ్ల పలక పెట్టిన రోజున ఆవిడ నోరు మెదిపితే కదా? జనం లేని చోట ఎవరితో మాట్లాడుతుంది!

ఇంత పరిశోధన చేసి, ఇంత చదువు చదివి, సరిచూడవలసిన ఆ ఒక్కటీ తన నోరే అని ఆవిడకు తట్టలేదు. ఒంటరితనం తన ఇంట్లో ఉందనుకుంది గానీ, లెక్కలో దూరి కూర్చుందనుకోలేదు. ఏడుపు రాలేదు. సిగ్గేసింది. ఎవరో తలుపు సందులోంచి రెండేళ్లు తనను చూసినట్టు సిగ్గేసింది.

ఆయన వచ్చేసరికి జనమున్న పలకను మళ్లీ పెట్టి కూర్చుని ఉంది. "చివరిసారి చూసేద్దామా మేడమ్?" అంటూ ఆయన కంటిగొట్టం మీదకు వంగాడు. ఆవిడ కూడా వంగింది. చెప్పెయ్యాలనే నోరు తెరిచింది. తెరిచాక వచ్చింది వేరే మాట.

"మీ ఇంట్లో ఎవరెవరుంటారు సార్?"

ఎలాగూ పని అయిపోయింది, పాపం ఈవిడను కష్టపెట్టడానికే వచ్చాను అనుకున్నాడో ఏమో, ఆ మనిషి ఆ రోజు నోరు విప్పాడు. ఇద్దరు కూతుళ్లట. పెద్దది అన్నిటికీ ఎందుకు అంటుంది, చిన్నది దేనికీ ఎందుకు అనదు, అది ఇంకా భయమట. అత్తగారు వాళ్ల దగ్గరే ఉంటారట.

"ఆవిడకి నా ఉద్యోగమేంటో ఇప్పటికీ అర్థం కాదండీ. చుట్టాలొస్తే, మా అల్లుడు వేరేవాళ్లు చేసే పనిని పక్కన కూర్చుని చూస్తాడు, దానికి జీతమిస్తారు, అని చెప్తుంది."

డిగ్రీలమ్మ నవ్వింది. అంత గట్టిగా నవ్వి ఎన్నాళ్లయిందో ఆవిడకే గుర్తులేదు. "అబద్ధమేముంది సార్ అందులో?" అంది.

"అదేనండీ, మా ఆవిడ కూడా అదే అంటుంది."

ఆవిడ కుళాయి సంగతి చెప్పింది. ఆయన వాషర్ మార్చుకోవడం ఎలాగో విడమరచి చెప్పాడు. ఆవిడ అమ్మ గురించి చెప్పింది. అమ్మ చివరి రోజుల్లో ఎవరొచ్చినా వెళ్లనిచ్చేది కాదని, కరెంటు మీటరు చూడటానికి వచ్చినాయనను కూడా కూర్చోబెట్టి కబుర్లు చెప్పేదని చెప్పింది. ఆయన, "మా నాన్నా అంతే," అని ఆయన సంగతులు మొదలుపెట్టాడు. గీత వైపు డిగ్రీలమ్మ చూడలేదు. చూడకుండానే తెలుసు. అయినా అబద్ధమెందుకు, ఆ ముప్పావుగంటలో ఆవిడ గీత కోసం మాట్లాడింది సగమే. మిగతా సగం ఊరికే మాట్లాడింది, ఎదుటివాళ్లు జవాబు చెబుతున్నారు కాబట్టి మాట్లాడింది. హాయిగా ఉంది.

ఆయన తల ఎత్తాడు. "మేడమ్. వచ్చింది."

ముప్పై ఆరు. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "చూడండి, ముప్పావుగంట నుంచీ ఉంది. నేనిక్కడుండగానే ఉంది. నిన్న రాత్రంతా నాకు నిద్ర పట్టలేదండీ మీ గురించి." మొహం చిన్నపిల్లాడి మొహంలా వెలిగిపోతోంది. సంచిలోంచి రిపోర్టు ఫారం తీసి, కలం మూత నోటితో లాగాడు. "ఇప్పుడే రాసేస్తాను. మీరు నిశ్చింతగా ఉండండి."

ఆవిడ ఇక ఒక్క మాటా అనక్కర్లేదు. ఊరుకుంటే చాలు, ఉద్యోగం ఖాయం, ల్యాబు ఖాయం. ఆయన చూశాడు, చూసిందే రాస్తాడు. కానీ రేపు ఇంకెవరో ఈ నాలుగు డిగ్రీలను నమ్మి, ఇంకో నేలమాళిగలో మూడేళ్లు పొర తయారు చేసుకుంటూ కూర్చుంటారు. అంతకంటే ముందు, ఇంత మంచిగా మాట్లాడిన మనిషిని ఆ మాటలతోనే మోసం చెయ్యడం ఆవిడకు చేతకాలేదు.

"సార్, ఇరవై నిమిషాలు ఆగి రాయండి. ఈ ఇరవై నిమిషాలూ మనిద్దరం ఏం మాట్లాడొద్దు. తెర చూస్తూ కూర్చుందాం."

"ఎందుకండీ?"

ఆవిడ వేలు పెదవుల మీద పెట్టుకుంది. ఆయన కలం పట్టుకునే కూర్చున్నాడు. నేలమాళిగ నిశ్శబ్దంగా అయిపోయింది. గీత ముప్పై ఆరు దగ్గర కాసేపు తటపటాయించి, ముప్పై అయిదుకు దిగింది. తర్వాత ముప్పై మూడు. ఆయన తెరను, ఆవిడను, మళ్లీ తెరను చూశాడు. ముప్పై రెండు. ఆయన మొహంలో వెలుగు కూడా దాంతోపాటే దిగిపోవడం ఆవిడ చూడలేక గాజుపలక వైపు చూస్తూ కూర్చుంది. గీత ముప్పైకి చేరి అక్కడే నిలిచింది. ఇరవై నిమిషాలు అయ్యేదాకా ఇద్దరూ కదలలేదు.

"మాటలా?" అన్నాడాయన చివరికి. గొంతు తగ్గించి అన్నా గీత కొంచెం కదిలింది.

"మాటలే. మీరు ఫోన్‌కి వెళ్లినప్పుడు తెలిసింది. ఉత్త నీళ్లతో కూడా వస్తుంది, కావాలంటే చూపిస్తాను. మీరొచ్చిన వెంటనే చెప్పాల్సింది. చెప్పకుండా మిమ్మల్ని మాటల్లో పెట్టాను. అది తప్పే."

ఆయన ఫారం వైపు చూశాడు. "నేను ముప్పై ఆరు చూసిన మాట నిజమే కదా మేడమ్. చూశానని రాయొచ్చు. అబద్ధం కాదు."

"ఎప్పుడు చూశారో కూడా రాయాలి సార్. మనం మాట్లాడుకుంటున్నప్పుడు చూశారు."

ఆవిడ పాత రికార్డింగుల పుస్తకం తెచ్చి ముందు పెట్టింది. ఆయన ఒక్కో పేజీ తిప్పుతూ, తేదీలు చూస్తూ రాయడం మొదలుపెట్టాడు. పక్క గదిలో వేడి పెరగడానికి కారణం, పరిశోధకురాలు పరికరం దగ్గర మాట్లాడటం. ఎన్నాళ్లుగా, రెండేళ్లుగా. రోజుకు ఎంతసేపు, ఆరేడు గంటలు. అక్కడ ఆయన కలం ఆగింది.

"ఒక్కటి అడగాలి మేడమ్. ఆ సమయంలో గదిలో ఉన్నవాళ్ల వివరాలు రాయాలి ఇక్కడ. రోజుకి ఆరేడు గంటలంటే, ఎవరితో మాట్లాడేవారు? వాళ్ల సంతకం కూడా తీసుకోవాలి."

డిగ్రీలమ్మ ఒకసారి మైక్రోస్కోపు వైపు చూసింది. చెప్పబోయి మానేసింది.

"గదిలో ఇంకెవరూ లేరని రాయండి సార్."

"రెండేళ్లూనా?"

"రెండేళ్లూ."

ఆయన తల వంచుకుని రాసుకున్నాడు.